పెంపుడు జంతువులున్న అద్దెదారులకు అనువైన అపార్ట్‌మెంట్: అసోసియేషన్లకు, ఫ్లాటు యజమానులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో కుక్కో పిల్లో ఉన్న కుటుంబానికి అద్దె ఇల్లు దొరకడం కష్టమే. అయితే అసలు చిక్కు చాలాసార్లు యజమాని ఒప్పుకున్న తరువాత మొదలవుతుంది. అడ్వాన్సు ఇచ్చి, సామాన్లు దింపుకుంటున్న రోజున వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, “కమిటీ వాళ్లు కుక్కలు వద్దన్నారు సార్” అంటాడు. యజమాని ఒక మాట, కమిటీ ఒక మాట, పక్క ఫ్లాటు వారు మరో మాట చెబుతుంటే ఆ కుటుంబం వచ్చిన మొదటి రోజు నుంచే అందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ బతకాల్సి వస్తుంది.

ఈ పరిస్థితి రాకుండా చూడడం సాధ్యమే. టూ-లెట్ బోర్డు పెట్టకముందే తేల్చుకోవలసిన విషయాలను తేల్చుకుని కాగితం మీద పెట్టాలి. వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం జంతువు వల్ల వచ్చేవి కావు, ముందు ఎవరూ జవాబు చెప్పని ప్రశ్నల వల్ల వచ్చేవి. కమిటీ సభ్యులు, ఫ్లాటు యజమానులు పదే పదే అడుగుతున్న ప్రశ్నలను, పని జరగవలసిన వరుసలోనే ఇక్కడ ఇస్తున్నాను. చాలా చోట్ల ముందుగా పెట్ పార్కు కట్టి, నియమాల సంగతి తరువాత చూద్దామనుకుంటారు. ఆ వరుస తప్పు.

1. ముందుగా బైలాస్ (అసోసియేషన్ మూల నియమాలు) చదవండి, నిషేధం ఉంటే తొలగించండి

మీ అసోసియేషన్ బైలాస్‌లోనూ, పాత సర్వసభ్య సమావేశాల మినిట్స్‌లోనూ పెంపుడు జంతువుల గురించి ఏం రాసి ఉందో వెతకండి. “పెంపుడు జంతువులు అనుమతించబడవు” అన్న వాక్యం ఎప్పుడో ఎవరో చేర్చినది ఉంటే, దాని మీద ఆధారపడి ఎవరినీ ఆపలేరు.

భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో నివాసితుల సంఘాలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సభ్యులలో అత్యధికులు ఓటు వేసినా సరే, సంఘం పెంపుడు జంతువులను నిషేధించకూడదు. వాటిలో మన కమిటీలు తరచూ అతిక్రమించే అంశాలు ఇవి:

• కుక్క పరిమాణాన్ని బట్టి, జాతిని బట్టి వివక్ష చూపకూడదు.
• మొరుగుడు ఒక్కటే కారణంగా జంతువును పంపేయమని అడగకూడదు.
• లిఫ్టు వాడవద్దనకూడదు, లిఫ్టు వాడకానికి ప్రత్యేక రుసుము తీసుకోకూడదు.
• మూతికి చిక్కం తప్పనిసరి అని పట్టుబట్టకూడదు. బెల్టు వేసి పట్టుకోమని మాత్రం కోరవచ్చు.
• పెంపకందారుల మీద ప్రత్యేక చార్జీ గానీ జరిమానా గానీ విధించకూడదు.

అసోసియేషన్ నిషేధించడం వేరు, యజమాని తన ఫ్లాటును ఎవరికి అద్దెకు ఇవ్వాలో నిర్ణయించుకోవడం వేరు. రెండోది యజమాని ఇష్టం. అయితే యజమాని ఒప్పుకున్న తరువాత అద్దెదారును అడ్డుకునే అధికారం కమిటీకి లేదు. సొంత ఫ్లాటులో ఉండేవారి కుక్కకు ఒక నియమం, అద్దెకు ఉండేవారి కుక్కకు మరో నియమం పెట్టడం అన్నిటికంటే అన్యాయమైన పద్ధతి, దురదృష్టవశాత్తు అదే ఎక్కువగా కనిపిస్తుంది.

చేయవలసింది: తదుపరి సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చి, నిషేధ వాక్యాన్ని రద్దు చేస్తున్నట్టు తీర్మానించి, దాని ప్రతిని యజమానులందరికీ పంపండి. అద్దెలు చూసిపెట్టే బ్రోకర్లకూ, గేటు దగ్గర ఉండే వాచ్‌మన్‌కూ విడిగా చెప్పండి. తీర్మానం ఫైలులో ఉండి, గేటు దగ్గర పాత మాటే వినిపిస్తే ప్రయోజనం లేదు.

2. రిజిస్టరు తెరవండి

ఏ ఫ్లాటులో ఏ జంతువు ఉందో తెలియకుండా నియమాలు రాయడం కష్టం. ఒక్క పేజీ ఫారం చాలు. అందులో ఉండవలసినవి: ఫ్లాటు నంబరు, జంతువు రకం, పేరు, వయసు, ఒక ఫోటో, చివరిసారి రేబిస్ టీకా వేయించిన తేదీ, మళ్లీ వేయించవలసిన తేదీ, పశువైద్యుడి ఫోను నంబరు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పిలవదగిన మరొకరి నంబరు.

హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థ లైసెన్సు ఉండాలి, దానికి రేబిస్ టీకా ధ్రువపత్రం అవసరం. కొత్తగా వచ్చిన అద్దెదారుకు ఈ సంగతి తెలియకపోవచ్చు కనుక, లైసెన్సు ఉందా అని నిలదీయడం కన్నా ఎలా తీసుకోవాలో చెప్పడం మంచిది. ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం) సందర్భంగా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ వారం ముందు నోటీసు బోర్డులో ఒక కాగితం అంటిస్తే సగం ఫ్లాట్ల టీకాలు ఒకే రోజు పూర్తవుతాయి.

3. నియమావళి రాయండి: ఒక పేజీ, పన్నెండు వాక్యాలకు మించకుండా

నియమావళి రాసే కమిటీలో జంతువులను పెంచేవారు ఇద్దరు, కుక్కలంటే భయపడేవారు కనీసం ఒకరు తప్పక ఉండాలి. భయపడేవారు లేని కమిటీ రాసిన నియమాలను భయపడేవారు పాటించనివ్వరు. వారి మాట మొదట్లోనే వింటే తరువాత ఫిర్యాదులు తగ్గుతాయి.

నియమాల్లో ఏ పని ఎలా చేయాలో చెప్పండి. “ఇతరులకు ఇబ్బంది కలిగించరాదు” అన్న వాక్యానికి ఎవరి అర్థం వారు చెప్పుకుంటారు. దాని బదులు ఇలా రాయండి:

• ఫ్లాటు తలుపు దాటిన క్షణం నుంచి కుక్క బెల్టుతో, పెద్దవారి చేతిలో ఉండాలి. పదేళ్ల పిల్లవాడి చేతికి పెద్ద కుక్కను ఇచ్చి పంపకూడదు.
• లిఫ్టులో ఎవరైనా ఉంటే “రావచ్చా?” అని అడగాలి. వద్దంటే తరువాతి లిఫ్టు కోసం ఆగాలి. లోపల బెల్టు పొట్టిగా పట్టుకుని, కుక్కను మూలకు, తాము తలుపు వైపుకు నిలబడాలి.
• కారిడార్‌లో ఇతరుల గుమ్మాల ముందు, ముగ్గుల మీద, చెప్పుల స్టాండ్ల దగ్గర ఆగనివ్వకూడదు.
• మల విసర్జన ఎక్కడ జరిగినా కుక్కగలవారే అక్కడికక్కడే తీయాలి. ఆ పని హౌస్‌కీపింగ్ సిబ్బందికి అప్పగించకూడదు.
• డెలివరీకి వచ్చినవారికి తలుపు తీసేముందు కుక్కను మరో గదిలో ఉంచాలి.

ఆఖరి నియమం చిన్నదిగా కనిపిస్తుంది గానీ అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడు, తలుపు తీయగానే కుక్క మీదికి రావడంతో పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి పడి మరణించాడు. కుక్కను మరో గదిలో ఉంచడానికి పట్టే అర నిమిషం ఒక ప్రాణాన్ని కాపాడగలదు కనుక, ఈ నియమం దగ్గర మొహమాటం వద్దు.

జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి ఇతరులకు ప్రమాదం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అసోసియేషన్ సొంతంగా జరిమానాలు వేయవలసిన అవసరం లేదు, చట్టం ఉండనే ఉంది. నియమావళి అడుగున ఈ ఒక్క వాక్యం చేర్చితే చాలు.

వీధి కుక్కలకు ఆహారం పెట్టడం వేరే విషయం. 2023 జంతు జనన నియంత్రణ నియమాల్లో దానికి వేరే ఏర్పాట్లు చెప్పారు. రెండింటినీ ఒకే సమావేశంలో చర్చకు పెడితే ఏదీ తేలదు.

4. ఆవరణను సిద్ధం చేయండి

ఇక్కడే ఎక్కువ ఖర్చు, ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

స్థలం ఎంపిక. పది పదిహేను ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ప్రత్యేక పెట్ పార్కు పెట్టే చోటు ఉండదు, పెట్టనవసరమూ లేదు. సెల్లార్ నుంచి గేటు వరకు ఏ దారిలో కుక్కను తీసుకెళ్లాలో నిర్ణయించి, గేటు పక్కన పాత న్యూస్ పేపర్లు, చిన్న పార, మూత ఉన్న డబ్బా పెట్టి, ఒక కుళాయి ఇస్తే సరిపోతుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో స్థలం కేటాయించేటట్టయితే పిల్లల ఆటస్థలానికి దూరంగా, ఎవరి పడకగది కిటికీ కిందా రాకుండా, వానాకాలంలో నీరు నిలవని ఎత్తైన మూల చూడండి. నీరు నిలిచిన బురదనేల లెప్టోస్పైరోసిస్ వంటి రోగాలకు నిలయమవుతుంది, అది మనుషులకూ సోకే జబ్బు.

కంచె, గేటు. ఐదడుగుల కంచె చాలు. గేట్లు మాత్రం రెండు ఉండాలి: మొదటిది మూసిన తరువాతే రెండోది తీసేలా మధ్యలో నాలుగడుగుల జాగా వదలాలి. ఒకే గేటు ఉన్నచోట ఒక కుక్క లోపలికి వస్తుంటే మరొకటి బయటికి దూకుతుంది.

నేల. సిమెంటు పలకలు, ఇంటర్‌లాకింగ్ టైల్స్ మే నెలలో కుక్కల పాదాలను కాల్చేస్తాయి. మట్టి, గడ్డి మేలు. నడక దారి టైల్స్‌తోనే ఉంటే, అరచేతి వెనుకభాగం అయిదారు సెకన్లు నేలకు ఆనించలేని వేళలో కుక్కను నడిపించవద్దని బోర్డు పెట్టండి. వేసవిలో పొద్దున్న ఏడు లోపు, సాయంత్రం పొద్దుగుంకిన తరువాత అంటే అందరికీ అర్థమవుతుంది.

మొక్కలు. గేటెడ్ కమ్యూనిటీల్లో అందంకోసం వరసగా నాటే గన్నేరు, సైకస్ రెండూ కుక్కలకు ప్రాణాంతకమైన విషాలు. పార్కు చుట్టూ అవి ఉంటే తీయించి మందారం వేయించండి. లిల్లీ జాతి మొక్కలు పిల్లుల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కనుక కారిడార్ కుండీల్లో వాటిని పెట్టవద్దు.

శుభ్రత మందులు. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ పదార్థాలు పిల్లులకు విషం. తడి నేల మీద నడిచిన పిల్లి తరువాత తన పాదాలను నాకుతుంది, విషం అలా లోపలికి వెళ్తుంది. పిల్లులున్న అంతస్తుల్లో ఫినాయిల్ మానేసి సబ్బు నీటితో తుడిపించండి. తప్పదనుకుంటే పూర్తిగా ఆరేవరకు ఎవరి తలుపూ తెరవవద్దని చెప్పించండి.

ఎలుకల మందు, దోమల పొగ. సెల్లార్‌లో ఎలుకల మందు పెట్టినప్పుడు ఏ మూల, ఏ రోజు అన్నది ముందురోజే తెలియజేయాలి. మందును కుక్క నోరు చేరని మూత ఉన్న పెట్టెల్లోనే పెట్టించాలి. దోమల కోసం పొగ పెట్టే రోజు కూడా అంతే. ఆ పొగలో వాడే పైరెత్రాయిడ్ మందులు పిల్లులకూ, అక్వేరియం చేపలకూ ప్రమాదకరం కాబట్టి కిటికీలు మూసుకోవడానికి గంట వ్యవధి ఇవ్వాలి.

మల వ్యర్థం. అపార్ట్‌మెంట్‌లో కంపోస్టు గుంట ఉంటే కుక్క మలం అందులో కలపకండి, అందులోని నులిపురుగుల గుడ్లు చాలాకాలం బతికే ఉంటాయి. పేపరులో ఎత్తి, ఇంటికి తీసుకెళ్లి, మలాన్ని మాత్రం టాయ్‌లెట్‌లో వేసి ఫ్లష్ చేయడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. పిల్లల ఆట ఇసుకను రాత్రిపూట టార్పాలిన్‌తో కప్పించండి, లేకపోతే పిల్లులు దాన్నే వాడతాయి.

5. ఫ్లాటును సిద్ధం చేయడం: ఇది యజమాని పని

బాల్కనీతో మొదలుపెట్టండి. నగరంలో దాదాపు ప్రతి బాల్కనీకీ పావురాల వల ఉంటుంది. ఆ సన్నని నైలాన్ దారాన్ని పిల్లి పళ్లతో తెంపగలదు, మూలల్లో కొక్కేలు వదులైతే సందు ఏర్పడుతుంది. పిల్లి ఎంత ఎత్తునుంచి పడినా కాళ్ల మీదే వాలుతుంది, ఏమీ కాదు అన్న నమ్మకంతో ఉండకండి. పై అంతస్తుల నుంచి పడి దవడలు, కాళ్లు విరిగిన పిల్లులు పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. మందమైన వల లేదా స్టీలు మెష్ వేయించండి, రెయిలింగు కింది సందును విడిగా చూడండి.

గదుల తలుపుల కింది రెండడుగుల మేర పారదర్శక ఆక్రిలిక్ షీటు అతికిస్తే గీతలు పడవు. తీసేస్తే తలుపు మామూలుగానే ఉంటుంది. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద ముసలి కుక్కలు, చిన్న కూనలు జారి తుంటి నొప్పులు తెచ్చుకుంటాయి కనుక, అద్దెదారు రబ్బరు మ్యాట్లు పరుచుకోవడానికి అభ్యంతరం పెట్టవద్దు. నిజానికి అవి మీ టైల్స్‌నే కాపాడతాయి. టైల్స్ మధ్య గ్రౌటు (సందులు నింపే పూత) పగిలి ఉంటే ఇప్పుడే నింపించండి, మూత్రం వాసన పట్టుకునేది టైలులో కాదు, ఆ సందుల్లోనే.

6. అద్దె ఒప్పందంలో ఏం రాయాలి

పదకొండు నెలల ఒప్పందం రాసుకున్నప్పుడు పెంపుడు జంతువుల విషయం నోటిమాటగా వదిలేయడం మామూలైపోయింది. ఒక పేరా చేర్చండి. నమూనా:

“ఈ ఫ్లాటులో అద్దెదారు ఒక లాబ్రడార్ కుక్కను, వయసు మూడేళ్లు, పెంచుకోవడానికి యజమాని సమ్మతించారు. దానివల్ల తలుపులకు, నేలకు, దోమతెరలకు, గోడలకు కలిగిన నష్టాన్ని, మామూలు వాడకపు అరుగుదలను మినహాయించి, ఖాళీ చేసే సమయంలో ఇరువురూ కలిసి చూసి, బిల్లుల ఆధారంగా అడ్వాన్సులో సర్దుబాటు చేసుకోవాలి. మరో జంతువును తెచ్చుకోదలిస్తే అద్దెదారు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి.”

అడ్వాన్సు సంగతి. 2021 నాటి నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని చెబుతుంది. కుక్క ఉందని ఆరు నెలల అడ్వాన్సు అడగడం, తిరిగి ఇవ్వని ‘పెట్ చార్జీ’ తీసుకోవడం నా దృష్టిలో సరికాదు. నష్టం జరగకముందే దండుగ కట్టించుకుంటే, జాగ్రత్తగా ఉండవలసిన కారణం అద్దెదారుకు మిగలదు. ఉన్న అడ్వాన్సులోంచే నిజమైన నష్టాన్ని మినహాయించుకోవడం ఇద్దరికీ న్యాయం.

తాళాలు ఇచ్చే రోజు చేయవలసినవి:

☐ ప్రతి గది తలుపు కింది భాగం, ఫ్రేములు, దోమతెరలు, వార్డ్‌రోబ్ అంచుల ఫోటోలు తేదీతో
☐ బాల్కనీ వల మూలలను చేత్తో లాగి చూడడం
☐ టీకా కార్డు ప్రతి, అసోసియేషన్ ఫారం ప్రతి ఒప్పందానికి జతచేయడం
☐ నియమావళి పేజీ మీద అద్దెదారు సంతకం
☐ కమిటీ కార్యదర్శికి, వాచ్‌మన్‌కు ముందురోజే కబురు

7. మొదటి రెండు వారాలు

కొత్త చోటికి వచ్చిన కుక్క మొదటి కొద్దిరోజులు మొరుగుతుంది, పిల్లి మంచం కింది నుంచి బయటికి రాదు. ఇది మామూలే. ఆ అంతస్తులోని వారికి ముందే చెబితే ఓర్చుకుంటారు. అద్దెదారే పక్కింటి తలుపు తట్టి, “ఆంటీ, మా దగ్గర కుక్క ఉంది, కొత్త కదా, కాస్త అరుస్తుంది. మీకు ఇబ్బందైతే నేరుగా నాకే ఫోన్ చేయండి” అని నంబరు ఇచ్చి వస్తే, ఆ ఫిర్యాదు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కదు.

సెక్యూరిటీ వారికీ, పనివారికీ కుక్కను పరిచయం చేయండి. పరిచయం అంటే దూరం నుంచి, బెల్టుతో, వారికి ఇష్టమైతేనే. భయపడేవారిని “ఏం చేయదు, ముట్టుకోండి” అని బలవంతపెట్టడం పెంపకందారులు చేసే పెద్ద తప్పు.

8. ఫిర్యాదు వస్తే ఏ వరుసలో నడవాలి

మొరుగుడు. ముందుగా ఎప్పుడు, ఎంతసేపు అన్నది వారం రోజులు రాసిపెట్టమని ఫిర్యాదుదారుని కోరండి. కుక్కగలవారిని ఇంట్లో ఫోను రికార్డింగులో పెట్టి వెళ్లమనండి. చాలా సందర్భాల్లో తేలేది ఒకటే: అందరూ ఆఫీసుకు వెళ్లిన తరువాత కుక్క బాల్కనీలోనో, హాలు తలుపు వెనుకో ఒంటరిగా ఉంటోంది. బాల్కనీ నుంచి లోపలికి మార్చడం, కిటికీ తెర వేయడం, వెళ్లేముందు అరగంట బాగా నడిపించడం, తిండి నింపిన రబ్బరు బొమ్మ ఇవ్వడం, మధ్యాహ్నం ఒకరు వచ్చి చూసేలా ఏర్పాటు చేయడం, ఈ వరుసలో ప్రయత్నించమనండి. రోజంతా పొట్టి గొలుసుతో కట్టేయడం పరిష్కారం కాదు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అది నేరం కూడా.

కాటు. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీ పొడి ఏదీ అద్దకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే వైద్యుడే నిర్ణయించాలి. కుక్కను పది రోజులు గమనించాలి. చికిత్స ఖర్చును కుక్కగలవారు భరించడం కనీస మర్యాద. కమిటీ పని ఇక్కడ పంచాయితీ పెట్టడం కాదు, రిజిస్టరు తీసి టీకా తేదీని ఆస్పత్రికి వెళ్లేవారి చేతికి ఇవ్వడం.

పండుగలు. వినాయక చవితికి సెల్లార్‌లో మండపం, మైకు పెట్టేముందు, దీపావళి టపాసుల వేళలు నిర్ణయించేముందు, జంతువులున్న ఫ్లాట్లకు ఆ సమయాలు తెలియజేయండి. టపాసులు కాల్చే చోటును నడక దారికి దూరంగా కేటాయించండి. ఆ రెండు రోజులు గేట్ల దగ్గర సెక్యూరిటీ మరింత అప్రమత్తంగా ఉండాలి, కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది అప్పుడే.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

“మల విసర్జనకు వెయ్యి రూపాయల జరిమానా” అని బోర్డు పెట్టారా? తీసేయండి. పేపర్లు, డబ్బా, కుళాయి అందుబాటులో పెట్టి, పాటించనివారితో కార్యదర్శి విడిగా మాట్లాడాలి. రెండోసారి రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఒకరి తప్పుకు అందరికీ ఆంక్షలు పెట్టారా? ఏ ఫ్లాటుకు సంబంధించిన సమస్యను ఆ ఫ్లాటుతోనే తేల్చుకోండి. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టి పేర్లు రాయడం ఆపించండి.

పార్కు వేళలు ఆఫీసులకు వెళ్లేవారికి కుదరనివిగా పెట్టారా? పొద్దున్న ఐదున్నర నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పది అన్నవి చాలామందికి అనుకూలిస్తాయి, అయినా పెంపకందారులను అడిగి నిర్ణయించండి.

పిల్లులను మరిచిపోయారా? అది మన కమిటీల అలవాటు. నియమాలన్నీ కుక్కలకోసమే రాసి, వలలూ ఫినాయిలూ ఎవరూ పట్టించుకోరు.

10. ఖాళీ చేసేటప్పుడు

అద్దెదారు వెళ్లేముందు వారం రోజులు ఉండగానే ఇద్దరూ కలిసి ఇల్లు చూడండి. తాళాలు ఇచ్చిన రోజు తీసిన ఫోటోలను పక్కన పెట్టుకుని తలుపులు, గ్రౌటు, మెష్ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ముందే చూస్తే చిన్న మరమ్మతులు అద్దెదారే చేయించుకోగలడు, అది ఇద్దరికీ చవక.

మూత్రం వాసనకు అమోనియా ఉన్న ద్రావకాలు వాడకండి. ఆ వాసన జంతువుకు మూత్రంలాగే తోచి, తరువాత వచ్చే కుక్క అక్కడే మళ్లీ పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్‌ను మరక మీద తడిసేలా పోసి, సీసా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. నేల పాలరాయి అయితే వెనిగర్, నిమ్మరసం దగ్గరికి రానివ్వకండి, పాలిషు పోతుంది. రెండు రోజులు కిటికీలు తెరిచిపెట్టి, మూడోరోజు మూసి ఉన్న గదిలోకి వెళ్లి వాసన చూడండి. ఉంటే మళ్లీ గ్రౌటు దగ్గరే వెతకండి.

తగ్గించుకున్న ప్రతి రూపాయికీ బిల్లు చూపించి, మిగిలిన అడ్వాన్సును తాళాలు తీసుకున్న రోజే ఇచ్చేయండి. రిజిస్టరులో ఆ ఫ్లాటు పేజీని మూసి, పక్క ఫ్లాట్లవారితో ఏమైనా ఇబ్బంది కలిగి ఉంటే అది ఎలా తీరిందో రెండు వాక్యాలు రాసిపెట్టండి. తరువాత వచ్చే కుటుంబం విషయంలో కమిటీకి ముందుగా పనికొచ్చేవి ఆ రెండు వాక్యాలే.